ద్రవంలో కణాలు నిజంగా ఎడంగా ఉంటాయా? మా అమ్మాయి గీసిన బొమ్మ మీద ఒక సందేహం

ప్రశ్న: మల్కాజిగిరి అమ్మ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. పదార్థ స్థితుల పాఠంలో మూడు పెట్టెల బొమ్మ ఒకటి ఉంటుంది కదా, మొదటి పెట్టెలో చుక్కలు ఒకదానికొకటి ఆనుకొని, రెండో పెట్టెలో కాస్త ఎడంగా, మూడో పెట్టెలో బాగా దూరంగా ఉంటాయి. గత వారం ఆ బొమ్మను ఇంటి పనిగా గీయమన్నారు. అదే రోజు, నేను ఫ్రీజర్‌లో పెట్టి మరచిపోయిన గాజు సీసా నిలువునా పగిలిపోయి, లోపలి మంచు మాత్రం సీసా ఆకారంలోనే నిలబడి ఉండటం తను చూసింది. "ఘనంలో కణాలు దగ్గరగా, ద్రవంలో ఎడంగా ఉండేటట్టయితే, గడ్డకట్టిన నీరు ముడుచుకోవాలి కదమ్మా, సీసాను ఎందుకు పగలగొట్టింది?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

మరునాడు బడిలో అడిగితే, నీరు ఒక మినహాయింపు అని, పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయాలని చెప్పారట. ఆ మాటతో తనకు తృప్తి కలగలేదు. మనం పొద్దున లేచింది మొదలు చూసే ద్రవం నీరే కదా, అదే మినహాయింపయితే నియమం దేనిదని తన వాదన. దానికి తోడు ఇంకో సందేహం కూడా ముందు పెట్టింది. నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతుందని చదివింది, కానీ మా బాల్కనీలో ఆరేసిన బట్టలు 35 డిగ్రీల ఎండకే రెండు గంటల్లో ఆరిపోతున్నాయి. నేను డిగ్రీలో చదివింది వాణిజ్యశాస్త్రం. పిల్లకు తప్పు చెప్పకూడదన్న ఉద్దేశంతో ఇక్కడ అడుగుతున్నాను. దయచేసి మాకు అర్థమయ్యేటట్టు వివరించగలరు.

జవాబు 1: విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ అమ్మాయి అనుమానించినది సరైన చోటనే. నీటికి ఒక ప్రత్యేకత ఉన్న మాట నిజమే, దాని సంగతి తరువాత చెబుతాను. కానీ ఆ బొమ్మలో రెండో పెట్టె నీటికే కాదు, ఏ ద్రవానికీ సరిపోదు.

లెక్క చూడండి. ఒక గ్రాము నీరు ఒక ఘన సెంటీమీటరు చోటు ఆక్రమిస్తుంది. అదే గ్రాము నీరు 100 డిగ్రీల దగ్గర, సాధారణ వాతావరణ పీడనంలో పూర్తిగా ఆవిరైతే దాదాపు 1,670 ఘన సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. అంటే ఆవిరిలో ఒక అణువుకూ పక్క అణువుకూ మధ్య దూరం, ద్రవంలో ఉన్నదానికి సుమారు 12 రెట్లు. ఇక ఘనం నుంచి ద్రవానికి వచ్చే మార్పు ఎంతో చూద్దాం. గాలిలో కొద్దిగా ఉండే ఆర్గాన్ వంటి సరళమైన పదార్థాన్ని గడ్డకట్టించి తీసుకుంటే, అది కరిగినప్పుడు ఘనపరిమాణం 14 శాతం పెరుగుతుంది, కణాల మధ్య సగటు దూరం పెరిగేది నాలుగైదు శాతమే. కనుక ఘనం పెట్టెలో చుక్కల మధ్య ఒక సెంటీమీటరు ఉంచితే, ద్రవం పెట్టెలో అర మిల్లీమీటరు కూడా అదనంగా ఇవ్వనక్కరలేదు, వాయువు పెట్టెకు మాత్రం నోటుబుక్కు పేజీ చాలదు. ద్రవాన్ని ఘనానికీ వాయువుకూ సరిగ్గా నడిమధ్యలో నిలబెట్టినట్టు చూపే ఆ బొమ్మ పిల్లల మనసులో ఒక తప్పు అభిప్రాయాన్ని నాటుతుంది, అది పెద్దయ్యాక కూడా పోదు. ఇంటర్‌కు వచ్చిన పిల్లల్లో దాన్ని నేను ఏటా చూశాను.

మరి ఘనానికీ ద్రవానికీ తేడా ఎక్కడుంది? వరుసలో ఉంది, కదిలే వీలులో ఉంది. దీన్ని కంటితో చూడాలంటే సైకిల్ మరమ్మతు దుకాణంలో ఒకే సైజు బేరింగ్ గోళీలు ఒక వంద తెచ్చుకోండి. అంచు ఉన్న చదునైన స్టీలు పళ్లెంలో పోసి, పళ్లేన్ని ఒక వైపుకు కొద్దిగా వంచి వేలితో మెల్లగా తట్టండి. గోళీలు వాటంతట అవే తేనెపట్టు గదుల్లాగా వరుసలు కడతాయి, ప్రతి గోళీ చుట్టూ ఆరు గోళీలు చేరతాయి. సన్నగా వణికిస్తే ప్రతి గోళీ తన చోటనే కదులుతుంది, వరుస మాత్రం చెడదు. అది ఘనం. ఇంకొంచెం గట్టిగా ఊపండి. వరుసలు చెదిరిపోతాయి, ఒక గోళీ పక్కదాని సందులోకి జారుతుంది, అయినా అన్నీ ఒకదాన్నొకటి తాకుతూనే ఉంటాయి, గుంపు ఆక్రమించిన చోటు కొద్దిగానే పెరుగుతుంది. అది ద్రవం. పళ్లేన్ని చదునుగా పెట్టి బలంగా కుదిపితే గోళీలు విడివిడిగా అంచు నుంచి అంచుకు పరుగెత్తుతాయి, దాన్ని వాయువు అనుకోవచ్చు.

ఇది పిల్లల ఆట మాత్రమే కాదు. బెర్నాల్ అనే శాస్త్రవేత్త ద్రవాల నిర్మాణాన్ని అర్థం చేసుకోవటానికి 1960 ప్రాంతంలో ఇలాంటి ఉక్కు గోళీలనే కుప్పగా పోసి పరిశీలించాడు. గోళీలను క్రమంగా పేర్చితే చోటులో 74 శాతం నిండుతుంది, క్రమం లేకుండా పోసి కుదిపితే 64 శాతం దగ్గర ఆగిపోతుంది. ఆర్గాన్ కరిగినప్పుడు పెరిగే ఆ 14 శాతం ఎక్కడి నుంచి వస్తుందో ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుంటే చాలావరకు తెలుస్తుంది. క్రమం పోయినందువల్ల అక్కడక్కడ సందులు ఏర్పడ్డాయే తప్ప, కణాలు ఒకదాన్నొకటి వదిలి దూరంగా జరగలేదు.

ఇప్పుడు నీటి సంగతి. మంచులో ప్రతి నీటి అణువూ నాలుగు అణువులను మాత్రమే, నిర్ణీతమైన కోణాల్లో, హైడ్రోజన్ బంధాలతో (ఒక అణువులోని హైడ్రోజన్‌కూ పక్క అణువులోని ఆక్సిజన్‌కూ మధ్య ఉండే ఆకర్షణతో) పట్టుకొని ఉంటుంది. ఆ పట్టు వల్ల మధ్యలో ఖాళీ గదులు మిగులుతాయి. మంచు కరిగినప్పుడు ఆ అల్లిక కొంత విరిగి, కొన్ని అణువులు ఆ ఖాళీల్లోకి జొరబడతాయి. అందుకే నీరు మంచుకన్నా చిక్కగా సర్దుకుంటుంది, తిరిగి గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం పెరుగుతుంది. మీ సీసాను పగలగొట్టింది ఆ 9 శాతమే. నియమం దేనిదని మీ అమ్మాయి అడిగింది కదా, దానికి జవాబు మీ ఇంట్లోనే ఉంది. డిసెంబరు చలికి గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను కాసేపు ఎండలో పెట్టి, సగం కరిగాక చూడమనండి. తెల్లటి గడ్డ అడుగున ఉంటుంది, కరిగిన నూనె పైన ఉంటుంది. గ్లాసులో మంచుముక్క పైన తేలుతుంది. ఎక్కువ పదార్థాలు నూనె దారిలోనే నడుస్తాయి.

జవాబు 2: చల్లగాలి

బట్టల ప్రశ్నకు నేను జవాబిస్తాను. భవనాలకు శీతలీకరణ ఏర్పాట్లు చేసే పనిలో ఉన్నాను, కాబట్టి ఈ విషయం నాకు రోజూ తగిలేదే.

ఉష్ణోగ్రత అనేది కణాల సగటు గతిజ శక్తికి, అంటే కదలిక వల్ల వాటికున్న శక్తికి, కొలమానం. సగటు అన్న మాటను పిల్లలు పట్టించుకోకుండా దాటిపోతారు, కానీ కీలకమంతా అందులోనే ఉంది. తడి చీరలో నీరు 30 డిగ్రీల దగ్గర ఉందంటే అందులోని అణువులన్నీ ఒకే వేగంతో ఉన్నాయని కాదు. కొన్ని నెమ్మదిగా, చాలావరకు మధ్యస్థంగా, కొద్దిపాటి అణువులు చాలా ఎక్కువ వేగంతో కదులుతుంటాయి, ఒకదానితో ఒకటి ఢీకొనే కొద్దీ ఆ వేగాలు చేతులు మారుతుంటాయి. పైపొరలో ఉన్న అణువుకు పైకి వెళ్లే దిశలో చాలినంత వేగం ఏ క్షణాన అందినా, అది పక్కవాటి ఆకర్షణను తెంచుకొని గాలిలోకి వెళ్లిపోతుంది. అందుకు 100 డిగ్రీలు అవసరం లేదు. ఇదే బాష్పీభవనం, ఇది ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా పైతలం నుంచి జరుగుతూనే ఉంటుంది.

వేగమైనవి వెళ్లిపోతే మిగిలినవాటి సగటు తగ్గుతుంది, అంటే నీరు చల్లబడుతుంది. వేసవిలో మట్టికుండ చేసే పని ఇదే. ఇరానీ చాయ్‌ను సాసర్‌లో పోసుకొని తాగేవారు చేసేదీ ఇదే, పైతలాన్ని పెంచి, వేగమైన అణువులకు బయటికి పోయే దారిని వెడల్పు చేస్తున్నారు. చల్లబడిన మేరకు బట్టకు ఎండ నుంచీ గాలి నుంచీ మళ్లీ ఉష్ణం అందుతుంది కనుక ఆరడం ఆగదు.

ఈ పనికి పట్టే ఉష్ణం తక్కువేమీ కాదు. 30 డిగ్రీల దగ్గర ఒక కిలో నీరు ఆవిరి కావటానికి సుమారు 2,430 కిలోజౌళ్లు కావాలి. 40 లీటర్ల కూలర్ తొట్టి పూర్తిగా ఖాళీ అయిందంటే, అది మీ గది గాలి నుంచి 97,000 కిలోజౌళ్లకు పైగా తీసుకుందన్నమాట, కరెంటు భాషలో చెబితే అది 27 యూనిట్లు. నేను ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు పొరపాటు చేశానేమోనని మళ్లీ వేశాను.

అయితే వెళ్లిన అణువులు వెనక్కి కూడా వస్తాయి. గాలిలో ఇప్పటికే నీటి ఆవిరి ఎక్కువగా ఉంటే, బట్టను వదిలి ఎన్ని అణువులు పోతున్నాయో దాదాపు అన్ని మళ్లీ వచ్చి బట్టకు అంటుకుంటాయి. మే నెలలో హైదరాబాదు గాలి పొడిగా ఉంటుంది కనుక రెండు గంటల్లో ఆరే చీర, వాన పట్టిన జూలైలో రెండు రోజులైనా తడిగానే ఉంటుంది. కూలర్ మేలో బాగా పనిచేసి జూలైలో గదిని జిగటగా మార్చటానికి కారణం ఇదే. విజయవాడలో ఉన్న మా బంధువులు మా ఇంటి కూలర్‌ను చూసి అలాంటిదే కొనుక్కున్నారు, అక్కడి తేమ గాలిలో అది ఇంత చల్లదనం ఇవ్వలేదు.

జవాబు 3: తొమ్మిదో తరగతి గది

నేను పాఠశాల ఉపాధ్యాయురాలిని. పై రెండు జవాబులూ చదివాను, ఎంతో నేర్చుకున్నాను. అయినా ఒక మాట చెప్పాలి. యాభై మంది పిల్లలున్న తరగతిలో ఆ మూడు పెట్టెల బొమ్మ ఒక మెట్టు. ఘనంలో కణాల మధ్య దూరం అతి తక్కువ, ద్రవంలో కొంచెం ఎక్కువ, వాయువులో చాలా ఎక్కువ అన్న వరుస ఎక్కువ పదార్థాలకు సరైనదేనని మీరే ఒప్పుకున్నారు. ఆ వరుసనే పరీక్షలో అడుగుతారు. పునాది పడకముందే మినహాయింపులన్నీ చెబితే, సందేహం అడిగే ఒక్క పిల్లకు మేలు జరగవచ్చు, మిగిలినవారు తికమకపడతారు. పరీక్షలో ఏది రాయాలో కూడా ఆ తల్లిగారికి స్పష్టంగా చెప్పడం మంచిది.

జవాబు 4: విశ్రాంత అధ్యాపకుడు

మేడమ్‌గారూ, మీరన్న ఇబ్బంది నాకు తెలియనిది కాదు, వరుస విషయంలో మీతో విభేదం కూడా లేదు. నా అభ్యంతరం కొలత గురించే. రెండో పెట్టెలో చుక్కలను తాకేటట్టుగా, కానీ వరుస తప్పించి గీయించడానికి అదనంగా పట్టే సమయం ఏమీ లేదు. అలా గీసిన పిల్లకు, సిరంజిలో నీరు నింపి మూతి మూసి ఎంత నొక్కినా ఎందుకు లొంగదో, అదే సిరంజిలో గాలి ఎందుకు లొంగుతుందో బొమ్మ చూడగానే తెలుస్తుంది. ఎడంగా గీసిన పిల్ల, ద్రవంలో అంత ఖాళీ ఉండగా ఎందుకు నొక్కలేకపోతున్నానని అడగాలి, అడగకపోతే ఆ పిల్ల బొమ్మను బొమ్మగానే బట్టీపట్టిందని అర్థం.

పరీక్ష గురించి అమ్మగారికి: "కణాల మధ్య సగటు దూరం సాధారణంగా ఘనంలో కన్నా ద్రవంలో కొంచెం ఎక్కువ, వాయువులో చాలా ఎక్కువ, నీటి విషయంలో మంచులోనే ఎక్కువ" అని రాస్తే అది పుస్తకానికీ విరుద్ధం కాదు, సత్యానికీ విరుద్ధం కాదు.

అంత దగ్గరగా ఉన్న కణాలు ఎలా కదులుతాయని ఎవరైనా అడగవచ్చు. ద్రవంలో ప్రతి కణమూ చుట్టూ ఉన్నవాటి మధ్య బందీలా కంపిస్తూ, సందు దొరకగానే జరుగుతుంది. నీటిలో ఒక హైడ్రోజన్ బంధం తెగి మరొకటి ఏర్పడటానికి పట్టే కాలం సెకనులో లక్ష కోట్లవ వంతు స్థాయిలో ఉంటుంది. ఈ ఎడతెగని కదలికకు కంటికి కనిపించే జాడను 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త సూక్ష్మదర్శినిలో చూశాడు, పుప్పొడి నుంచి వెలువడిన సన్నని రేణువులు నీటిలో ఆగకుండా అటూ ఇటూ తొణకడం గమనించాడు. అది నీటి అణువుల తాకిడి వల్లేనని 1905లో ఐన్‌స్టీన్ లెక్క కట్టి చూపాడు, ఆ లెక్కను జాన్ పెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ప్రయోగాలతో రుజువు చేసి 1926లో నోబెల్ బహుమతి పొందాడు. అణువులు నిజంగా ఉన్నాయా అని అనుమానించిన పెద్ద శాస్త్రవేత్తల్లో కూడా చాలామంది ఆ ప్రయోగాలతో ఒప్పుకున్నారు. కనుక సందేహం అడిగే పిల్లను తొందరపెట్టకండి.

జవాబు 5: మల్కాజిగిరి అమ్మ

మీ అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. గోళీలు తెచ్చాం, పళ్లెంలో తేనెపట్టు కట్టడం చూసి మా అమ్మాయి చాలాసేపు ఆ పళ్లేన్ని వదలలేదు. ఆదివారం ఇంకో ప్రయోగం కూడా చేశాం, అందులో రెండు చిక్కులు వచ్చాయి.

కోఠిలో కొన్న ప్రయోగశాల థర్మామీటరుతో, పావుకిలో మంచుముక్కలను పైన తడి తేలేవరకు ఆగి, స్టీలు గిన్నెలో వేసి, చిన్న పొయ్యి మీద అతి సన్నని మంటపై పెట్టాం. మంటను చివరి వరకు మార్చలేదు. చెక్క గరిటెతో కలుపుతూనే ఉన్నాం. మంచు పూర్తిగా కరగటానికి 12 నిమిషాలు పట్టింది, అంతసేపూ పాదరసం సున్నాను వదిలి ఒక్క గీత పైకి రాలేదు. చివరి ముక్క కరిగిన తరువాత గబగబా ఎక్కి, ఇంకో 12 నిమిషాలకు 74 డిగ్రీలు చూపింది. మొదటి 12 నిమిషాల మంట ఎక్కడికి పోయింది? రెండో చిక్కు ఏమిటంటే, తరువాత మంట పెంచి నీటిని మరిగిస్తే, సలసల మరుగుతున్నా 98 దగ్గరే ఆగిపోయింది, 100కు చేరలేదు. థర్మామీటరు తప్పుదా?

జవాబు 6: విశ్రాంత అధ్యాపకుడు

థర్మామీటరు తప్పు కాదమ్మా. సున్నా దగ్గర సరిగ్గా నిలిచిందని మీరే రాశారు.

మొదటి చిక్కు. మంచు కరుగుతున్నంతసేపూ అందిన ఉష్ణం కణాల వేగాన్ని పెంచలేదు, ఆ నాలుగు చేతుల పట్టును సడలించటానికి ఖర్చయింది. వేగం పెరగలేదు కనుక ఉష్ణోగ్రత పెరగలేదు. థర్మామీటరుకు కనిపించకుండా దాగిన ఈ ఉష్ణాన్నే గుప్తోష్ణం అంటాం. కిలో మంచుకు అది 334 కిలోజౌళ్లు. ఇప్పుడు ఒక గుణకారం చేయించండి: కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయటానికి 4.18 కిలోజౌళ్లు కావాలి, 80 డిగ్రీలకు దాదాపు 334. అంటే మంచును కరిగించడానికి పట్టిన ఉష్ణంతోనే అదే నీటిని సున్నా నుంచి 80 వరకు తేవచ్చు. మీకు సమానమైన సమయంలో 74 వచ్చింది. మిగిలిన ఆరు డిగ్రీల ఉష్ణం వేడెక్కిన గిన్నె నుంచి, నీటి పైతలం నుంచి గదిలోకి పోయింది. వంటింటి పొయ్యి మీద ఇంత దగ్గరి ఫలితం రావడం, మీరు మంటను కదపకుండా, కలపడం ఆపకుండా ఎంత శ్రద్ధగా చేశారో చెబుతోంది.

రెండో చిక్కు. మరగడం అంటే పైతలం నుంచి అణువులు పోవడం మాత్రమే కాదు, నీటి లోపలే ఆవిరి బుడగలు పుట్టి నిలవడం. బుడగలోని ఆవిరి అణువులు లోపలి నుంచి నెట్టే పీడనం, బయటి గాలి నొక్కే పీడనాన్ని అందుకున్నప్పుడే బుడగ నలిగిపోకుండా పైకి వస్తుంది. సముద్ర మట్టం దగ్గర నీటికి అది 100 డిగ్రీల దగ్గర సాధ్యమవుతుంది. మన నగరం సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ గాలి బరువు కొంత తక్కువ, కనుక 98 డిగ్రీల ఆవిరే ఆ పీడనాన్ని ఎదుర్కోగలుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. బరువు పెట్టి ఆవిరిని నిలిపితే లోపలి పీడనం బయటి పీడనానికి రెట్టింపు దాకా పెరుగుతుంది, నీరు 120 డిగ్రీల సమీపానికి వచ్చే వరకు మరగదు, ఆ వేడికి పప్పు త్వరగా ఉడుకుతుంది. నీటి మరుగు స్థానం 100 అని రాసేటప్పుడు "సముద్ర మట్టం దగ్గరి వాతావరణ పీడనంలో" అన్న మాటలు చేర్చమని మీ అమ్మాయికి చెప్పండి.

జవాబు 7: చల్లగాలి

ఒక్క విషయం చేర్చుతాను, వాయువు పెట్టె గురించి ఎవరూ అడగలేదు గనుక. గది ఉష్ణోగ్రతలో గాలి అణువులు సెకనుకు దాదాపు 500 మీటర్ల వేగంతో పోతాయి. ఆ లెక్కన గది మూలలో అత్తరు సీసా మూత తీస్తే వాసన రెప్పపాటులో మనకు అందాలి, కానీ అందదు. కారణం, ప్రతి అణువూ సెకనుకు సుమారు 700 కోట్ల సార్లు మరో అణువుతో ఢీకొంటూ, మిల్లీమీటరులో పదివేలవ వంతు కూడా తిన్నగా పోకముందే దారి మార్చుకుంటుంది. అత్తరు అణువులూ ఆ రద్దీలో పడి వంకరటింకరగానే రావాలి, ఇదే వ్యాపనం. నిజానికి మనకు వాసన అందేది చాలావరకు గదిలోని గాలి కదలికల వల్ల. తలుపులు మూసి, ఫ్యాన్ వేసి ఒకసారి, ఆపి ఒకసారి, వాసన అందటానికి పట్టే సమయంలో తేడాను గడియారంతో కొలవమనండి.

జవాబు 8: మల్కాజిగిరి అమ్మ

ఫ్యాన్ ప్రయోగం ఈ సాయంత్రం చేస్తాం. మా అమ్మాయి బొమ్మను మళ్లీ గీసింది. రూపాయి బిళ్లకు బదులు ఒక బేరింగ్ గోళీని కాగితంపై ఆనించి చుట్టూ పెన్సిల్ తిప్పి, మొదటి పెట్టెలో వరుసలు కట్టింది. రెండో పెట్టెలో అన్నే గోళీలను ఒకదానికొకటి తగిలేటట్టు, వరుస తప్పించి నింపి, అడుగున "కొబ్బరినూనె" అని రాసింది. నీటికీ మంచుకూ విడిగా ఇంకో రెండు పెట్టెలు గీసి, మంచు పెట్టెలో మధ్య మధ్య ఖాళీ గదులు వదిలింది. వాయువు పెట్టెకు పేజీ చాలలేదు, ఒక గోళీని సైన్సు నోటుబుక్కు మొదటి పేజీలోనూ, ఇంకో గోళీని చివరి అట్ట లోపలి వైపూ గీసింది. రేపు బడికి ఆ పుస్తకమే తీసుకెళ్తోంది, గోళీలనూ స్టీలు పళ్లేన్నీ సంచిలో పెట్టుకుంది.